‘సిటీ ఆఫ్ గాడ్’ ఉత్తరాలు: ఆ పిల్లల వయసు చూశారా?

పోయిన నెల ఈ పేజీలో బ్రెజిల్ సినిమా ‘సిటీ ఆఫ్ గాడ్’ గురించి రాశాను. 2002లో వచ్చిన సినిమా. రియో డి జనీరోకి పడమటి వైపున ఉన్న ఒక పేదల కాలనీలో, 1960ల నుంచి 80ల మొదలు దాకా, మగపిల్లలు ఎలా దొంగలయ్యారో, మత్తుమందు అమ్మే ముఠాలుగా ఎలా మారారో, చివరికి ఒకళ్లనొకళ్లు ఎలా చంపుకున్నారో చెప్పే కథ. చెప్పేవాడు రాకెట్ అనే కుర్రాడు. వాడికి ఫొటోగ్రాఫర్ అవ్వాలని ఆశ. వాడితోపాటే పెరిగిన లిల్ జే కాలనీ మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ముఠా నాయకుడు అవుతాడు. మీలో చాలామంది ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో చూశారు కాబట్టి పేర్లు అందులో ఉన్నట్టే రాస్తున్నాను.

ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. పొగిడినవాళ్లున్నారు, సగంలో ఆపేసి నన్ను తిట్టినవాళ్లున్నారు. అన్నీ చదివాను. ఒకే రకంగా ఉన్నవాటిని కలిపేసి జవాబులు రాస్తున్నాను. కథలో మలుపులు బయటపడతాయి. సినిమా చూడనివాళ్లు చూశాకే ఈ పేజీ చదవండి.

ప్రశ్న: మేడమ్, మీరు మంచి సినిమా అన్నారని మా వారితో కలిసి చూడ్డానికి కూర్చున్నాను. ఇద్దరు చిన్నపిల్లల్ని పట్టుకుని, చేతి మీద కాల్చమంటారా, కాలి మీదా అని అడిగే సీన్ దగ్గర టీవీ కట్టేశాను. మాకూ ఆ ఈడు బాబు ఉన్నాడు. ఆ చిన్నవాడి ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. అంత పసివాణ్ణి అలా ఏడిపించి సినిమా తియ్యాలా? – ఒక గృహిణి

జవాబు: అమ్మా, టీవీ కట్టేసినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టలేరు. ఈ సినిమా గురించి వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ ఒక్క సీన్ గురించే. నేను పెద్ద తెర మీద కాలేజీ పిల్లలతో కలిసి చూసినప్పుడు, అప్పటిదాకా ఈలలు వేసిన హాలు అక్కడ ఒక్కసారిగా చప్పబడిపోయింది.

మీరు ఆపేసిన చోటు తర్వాత ఏం జరుగుతుందో చెప్పాలి. ఆ సీన్లో మనం అనుకున్నట్టు పిల్లలు ఇద్దరు కాదు, ముగ్గురు. ఏడ్చే చిన్నవాడు, వాడి పక్కన ఇంకాస్త పెద్దవాడు. మూడోవాడు లిల్ జే ముఠాలో కొత్తగా చేరిన పిల్లాడు, సబ్‌టైటిల్స్‌లో స్టేక్ అండ్ ఫ్రైస్ అంటారు. లిల్ జే వాడి చేతిలో తుపాకీ పెట్టి, ఈ ఇద్దరిలో ఒకణ్ణి ఎంచుకుని చంపమంటాడు. ముఠాలో ఉండాలంటే అదే పరీక్ష. ఇరవై ఏళ్లకు పైగా హైస్కూల్లో పాఠాలు చెప్పిన దాన్ని, మొహం చూస్తే పిల్లల వయసు పోల్చుకోగలను. ఆ తుపాకీ పట్టుకున్నవాడు నా ఏడో తరగతిలో కూర్చోవాల్సినవాడు. వాడి మొహంలో మొదట భయం, తర్వాత తప్పించుకునే దారి కోసం వెతుకులాట, ఆ తర్వాత ఏమీ లేకపోవడం. చిన్నవాడి ఏడుపు దగ్గర నాకు కన్నీళ్లొచ్చాయి. ఈ మూడోవాడి మొహం దగ్గర మాత్రం కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

మీ అసలు ప్రశ్న అంత పసివాడితో అలా చేయించవచ్చా అని. అది నటనే. ఆ పిల్లల్ని తయారు చేసింది ఫాతిమా టోలెడో అనే నటనా శిక్షకురాలు. నటుల లోపల నిజంగా ఉన్న భయాన్నీ కోపాన్నీ బయటికి లాగి పని చేయించే పద్ధతి ఆమెది. ఆ పద్ధతి మీద బ్రెజిల్‌లో వాదనలు చాలా జరిగాయి. నా మాట అడిగితే, సినిమా ఆ సీన్ చూపించడం సరైనదే. కానీ ఆ వయసు పిల్లవాడితో అంత దూరం వెళ్లొచ్చా అనే మీ అనుమానాన్ని నేను కొట్టిపారెయ్యను. ఆ సీన్ చూసిన ప్రతిసారీ నాకూ అదే అనిపిస్తుంది.

ప్రశ్న: అక్కా, లిల్ జే క్యారెక్టర్ కేక! నా వాట్సాప్ డీపీ కూడా అతనే. “నా పేరు లిల్ జే” అని పేరు మార్చుకునే డైలాగ్ మా గ్యాంగ్ అంతా కొడుతుంటాం. మీరేమో సినిమా చూసి నిద్ర పట్టలేదని రాశారు. మాకు మాత్రం ఫుల్ కిక్ ఇచ్చింది. మేం తప్పుగా చూశామా? – డిగ్రీ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, కిక్ రావడంలో తప్పు లేదు. రావాలనే అలా కోశారు. ఎడిటర్ డేనియల్ రెజెండీకి ఈ సినిమాకే బ్రిటన్ వాళ్ల బాఫ్టా అవార్డు వచ్చింది. ఆ డైలాగ్ కూడా మీ గ్యాంగ్ ఒక్కటే కాదు, బ్రెజిల్‌లో జనమంతా చెప్పుకున్నదే. అంత వేగంగా, అంత హుషారుగా తీస్తే మత్తెక్కుతుంది. ఈ సినిమాని గట్టిగా విమర్శించినవాళ్లు ఎత్తి చూపింది కూడా సరిగ్గా ఆ వేగాన్నే.

కానీ నీకు నచ్చిన మనిషిని పూర్తిగా చూశావా? లిల్ జే ప్రాణ స్నేహితుడు బెనే కాలనీ వదిలి వెళ్లిపోతున్నాడని ఇచ్చే పార్టీ సీన్ మళ్లీ వేసుకుని చూడు. ఊరందరూ అక్కడే ఉన్నారు. సాంబా వాళ్లు, చర్చి వాళ్లు, జుట్టు పెంచిన కుర్రాళ్లు, అందరూ బెనే కోసం వచ్చారు. లిల్ జే ఒక అమ్మాయి దగ్గరికి వెళ్లి డాన్స్ చేద్దామా అని అడుగుతాడు. ఆ అమ్మాయి కాదంటుంది. అంతే. కాలనీ అంతా తనదే అయినా, ఆ రాత్రి వాడితో అడుగు కలపడానికి ఒక్కరూ లేరు. అప్పుడు వాడి మొహం చూడు. ఆ అవమానం తీర్చుకోవడానికి ఆ అమ్మాయితో వచ్చిన నాకౌట్ నెడ్‌ని అందరి ముందూ బట్టలు విప్పిస్తాడు. తర్వాత ఆ అమ్మాయిని చెరుస్తాడు, నెడ్ ఇంటి మీద పడి వాడి తమ్ముణ్ణి చంపుతాడు. ఊళ్లో యుద్ధం మొదలయ్యేది అక్కడ. మీరు డీపీ పెట్టుకున్న మొహం వెనక ఉన్నది ఆ పార్టీలో ఒంటరిగా మిగిలినవాడు.

ఇంకోటి చూడు. నెడ్ బస్సు కండక్టర్. మంచివాడు. లిల్ జేకి శత్రువైన క్యారట్ ముఠాలో చేరినప్పుడు అమాయకుల్ని చంపకూడదని షరతు పెడతాడు. ఒక దోపిడీలో తనే ఒక గార్డుని కాల్చాల్సి వస్తుంది. అక్కణ్ణుంచి ఆ షరతు ఎటు పోయిందో తెలీదు. ఆ గార్డు కొడుకు మెల్లగా నెడ్ ముఠాలోనే చేరి, సమయం చూసి నెడ్‌నే చంపేస్తాడు. సినిమాలో ఆ పిల్లాడికి దొరికేది ఒకటి రెండు సీన్లు, అంతే. రెండోసారి చూసేటప్పుడు వాడి మీద కన్నేసి ఉంచు.

నేను పోయిన నెల వ్యాసంలో సరిగ్గా చెప్పలేకపోతానేమో అని ఆగిన మాట ఇక్కడ చెప్తాను, ఎందుకంటే నా దృష్టిలో సినిమా అంతా అందులోనే ఉంది. మూడు తరాల దొంగలు వస్తారు ఇందులో. అరవైల్లో ‘టెండర్ ట్రియో’ అనే ముగ్గురు కుర్రాళ్లు గ్యాస్ బండిని ఆపి దోచుకుంటారు. సిలిండర్లు కాలనీ జనం తలా ఒకటి ఎత్తుకుపోతారు. ఆ ముగ్గురూ మీసాలు వస్తున్న ఈడువాళ్లు. వాళ్లకి మోటల్ దోపిడీ ఐడియా ఇచ్చింది పదేళ్లు కూడా నిండని లిల్ డైస్, అంటే రేపటి లిల్ జే. వాణ్ణి బయట కాపలా పెడితే, లోపలికొచ్చి కనిపించినవాళ్లందర్నీ నవ్వుతూ కాల్చి చంపుతాడు. డెబ్బైల్లో వాడే రాజు. ఎనభైలకి వచ్చేసరికి వాడి కంటే బుడతలు తయారయ్యారు, చివరికి వాణ్ణి చంపేదీ ఆ బుడతలే. ప్రతిసారీ తుపాకీ ఇంకాస్త చిన్న చేతిలోకి జారుతుంది. ఆఖరి సీన్లో ఆ బుడతలు తర్వాత ఎవరెవర్ని చంపాలో లిస్టు వేసుకుంటూ నడిచిపోతారు, సరిగ్గా రాయడం వచ్చా నీకు అని ఒకణ్ణొకడు అడుగుతూ. మరోసారి చూసేటప్పుడు తుపాకీ కనిపించిన ప్రతి చోటా పట్టుకున్నవాడి వయసు ఎంతో లెక్క కట్టు. అప్పుడు నాకు మళ్లీ రాయి.

ప్రశ్న: సార్/మేడమ్, షార్ట్ ఫిల్మ్‌లు తీస్తుంటాను. ఇందులో ఎవరూ నటించినట్టే లేదు. అందరూ కొత్తవాళ్లట నిజమేనా? ఎలా చేయించారు? – ఒక షార్ట్ ఫిల్మ్ దర్శకుడు

జవాబు: చాలామంది కొత్తవాళ్లే. అప్పటికే పేరున్న నటుడు క్యారట్ వేషం వేసిన మాథ్యూస్ నాష్టర్‌గేలీ. నాకౌట్ నెడ్‌గా వేసిన సెవు జార్జి పాటగాడు. మిగిలినవాళ్లు ఎక్కువగా రియో బస్తీల పిల్లలు.

దర్శకుడు ఫెర్నాండో మెయిరెల్లెస్ అంతకుముందు అడ్వర్టైజ్‌మెంట్ ఫిల్ములు తీసేవాడు, బస్తీ మనిషి కాడు. అది ఆయనకు తెలుసు. అందుకే కాటియా లుంద్‌ని కో-డైరెక్టర్‌గా తెచ్చుకున్నాడు. ఆమె 1999లోనే రియోలో పోలీసులకూ మత్తుమందు ముఠాలకూ మధ్య జరిగే పోరు మీద ఒక డాక్యుమెంటరీ తీసింది. విడిగల్ కొండ మీది బస్తీలో గూటీ ఫ్రాగా అనే ఆయన 1986లో ‘నోస్ దో మోహో’ అనే నాటక బృందం మొదలుపెట్టాడు. వీళ్లు ఆయన సాయం తీసుకుని దాదాపు 2,000 మంది పిల్లల్ని చూశారు. అందులోంచి 200 మందిని ఏరి నెలల తరబడి వర్క్‌షాప్ పెట్టారు. లిల్ జేగా వేసిన లియాండ్రో ఫిర్మీనో ఆ కాలనీ కుర్రాడే. ఫ్రెండ్‌కి తోడుగా వెళ్తే వేషం ఇతనికి దక్కింది.

నీకు పనికొచ్చే విషయం ఇది. పిల్లల చేతికి స్క్రిప్టు ఇవ్వలేదు. సందర్భం చెప్పేవాళ్లు: నువ్వు వీడికి బాకీ ఉన్నావు, వాడు అడగడానికొచ్చాడు, ఏం చేస్తావో చెయ్యి. పిల్లలు తమ మాటల్లో తాము చేసుకుపోతే, రచయిత బ్రావులియో మాంతోవానీ అందులో బాగున్నవి స్క్రిప్టులోకి ఎక్కించుకునేవాడు. ఆఖరి యుద్ధానికి ముందు ముఠా అంతా చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తుంది చూశావా? అది రాసుకున్నది కాదని మెయిరెల్లెస్ చాలాసార్లు చెప్పాడు. షూటింగ్‌లో ఒక కుర్రాడు, ముందు ప్రార్థన చెయ్యమా అని అడిగాడట. నిజంగా అలాంటి ముఠాల మధ్య తిరిగినవాడు కాబట్టి అడిగాడు. ఎంత గొప్ప రచయితకీ టేబుల్ ముందు కూర్చుంటే తట్టే విషయం కాదది.

అసలు సినిమాకి ముందు ఇద్దరు దర్శకులూ కలిసి 2000లో ‘పాలస్ 2’ అనే షార్ట్ ఫిల్మ్ తీసుకున్నారు. ఈ పిల్లలతో, ఈ కెమెరాతో ఇలాంటి కథ తీస్తే కుదురుతుందా అని చూసుకోవడానికి. కుదిరాకే పెద్ద సినిమాకి దిగారు. షార్ట్ ఫిల్మ్ తీసేవాడివి, ఇది గుర్తు పెట్టుకో.

కెమెరా గురించి ఒక్క మాట. సీజర్ షార్లోన్ ఎప్పుడూ కెమెరా చేత్తో పట్టుకునే తిప్పాడని అందరూ అనుకుంటారు. అరవైల భాగం చూడు. ఎండ బంగారం రంగులో ఉంటుంది, కెమెరా నిలకడగా ఉంటుంది, ఇళ్లు వరసగా తీర్చినట్టుంటాయి. డెబ్బైల్లో రంగులు ఎక్కుతాయి, కెమెరా వదులవుతుంది. యుద్ధం వచ్చేసరికి రంగు చల్లబడి నీలంగా మారి, కెమెరా ఎక్కడా నిలవదు. మధ్యలో ఒక ఫ్లాట్ కథ వస్తుంది. ఒకావిడ ఇల్లు మత్తుమందు అమ్మే అడ్డాగా ఎలా మారిందో చెప్పే ముక్క. అక్కడ కెమెరా ఒక మూల నుంచి కదలదు. సామాన్లు మాయమవుతుంటాయి, మనుషులు మారుతుంటారు, గోడలు మాసిపోతుంటాయి. కొన్ని నిమిషాల్లో కొన్నేళ్ల కథ. ఖర్చు లేకుండా కాలం గడిచిందని చూపించడం ఎలాగో నేర్చుకోవాలంటే ఆ ముక్క పది సార్లు చూసినా దండగ కాదు.

మొదట్లో పెద్ద నిర్మాతలెవరూ లేరు. మెయిరెల్లెస్ తన సొంత డబ్బుతోనే పని మొదలుపెట్టాడు. మొత్తం అయిన ఖర్చు 33 లక్షల డాలర్లని చెబుతారు.

ప్రశ్న: ఇది నిజంగా జరిగిన కథేనా? – ఇద్దరు ముగ్గురు పాఠకులు

జవాబు: నిజం మీద కట్టిన కథ. ఆ కాలనీలో పెరిగిన పాలో లిన్స్ 1997లో రాసిన నవల దీనికి ఆధారం. ఆల్బా జాలూవర్ అనే ఆంత్రపాలజిస్టు ఆ కాలనీ మీద పరిశోధన చేస్తున్నప్పుడు లిన్స్ ఆమెకు సహాయకుడిగా పనిచేశాడు. అప్పుడు సేకరించిన ముచ్చట్లు నవలకి పనికొచ్చాయి. ఆఖర్లో పేర్లు పడుతున్నప్పుడు వచ్చే టీవీ ఇంటర్వ్యూ నిజం నాకౌట్ నెడ్‌ది. చాలామంది అప్పటికే లేచి వెళ్లిపోతారు, అది చూడకుండా లేవకండి.

ప్రశ్న: అక్కడ ప్రభుత్వం అనేది ఒకటి లేదా? పోలీసులు కనిపిస్తారు గానీ ఏం చేస్తున్నారో అర్థం కాలేదు. – రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: మాస్టారూ, ఆ కాలనీని కట్టించిందే ప్రభుత్వం. అరవైల్లో కార్లోస్ లసెర్డా అక్కడి గవర్నర్. సముద్రం ఒడ్డున ఖరీదైన పేటల పక్కనున్న బస్తీల్ని ఖాళీ చేయించి, జనాన్ని ఊరికి దూరంగా కట్టిన కాలనీల్లోకి తరలించారు. 1966 జనవరిలో రియోని ముంచెత్తిన వరదల్లో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లని కూడా ఇక్కడికే తెచ్చి దింపారు. కొండ మీద ఉండే బస్తీ కాదిది. చదును నేల మీద వరసగా కట్టిన చిన్న చిన్న ఇళ్లు. పనులేమో ఊళ్లో, ఇళ్లేమో ఇక్కడ. రాకెట్ మొదట్లోనే చెబుతాడు: రోడ్డు లేదు, కరెంటు లేదు, బస్సు లేదు అని.

1964 నుంచి 1985 దాకా బ్రెజిల్‌లో సైనిక పాలన. కథ అంతా జరిగేది ఆ ఏళ్లలోనే. సినిమా ఆ సంగతి దాదాపు ఎత్తదు. నాకు ఈ సినిమాలో కనిపించిన పెద్ద లోటు అదే. పోలీసులు ముఠాలకి తుపాకులు అమ్మడం, లిల్ జేని పట్టుకుని డబ్బు తీసుకుని వదిలెయ్యడం చూపిస్తుంది. ఆ పోలీసుల పైన ఎవరున్నారో, వాళ్లని అడిగే నాథుడు ఎందుకు లేడో చూపించదు. రాకెట్ ఆ లంచం ఫొటో తీస్తాడు కదా. అది బయటపెడితే ప్రాణం పోతుంది. చివరికి లిల్ జే శవం ఫొటో ఒక్కటే పత్రికకి ఇస్తాడు. ఉద్యోగం వస్తుంది. చాలామంది దీన్ని సంతోషమైన ముగింపు అని రాశారు. నాకు మాత్రం ఆ అచ్చుకాని ఫొటో మీదే మనసు ఉండిపోయింది.

ప్రశ్న: సినిమా ప్రపంచమంతా మెచ్చుకుంది సరే. ఆ కాలనీ వాళ్లు ఏమన్నారు? వాళ్లకేం ఒరిగింది? – లెక్చరర్

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు ప్రత్యేకంగా నమస్కారం.

సినిమాని ఎక్కువ భాగం ఆ కాలనీలో తీయనే లేదు. అప్పటికి అక్కడ షూటింగ్ పెట్టే పరిస్థితి లేక సిదాజీ ఆల్టా అనే మరో బస్తీలో తీశారు. పేరు మాత్రం వాళ్లదే. సినిమా హిట్టయ్యాక ఆ కాలనీలోనే పుట్టి పెరిగిన ర్యాప్ గాయకుడు ఎమ్‌వీ బిల్ చాలా కోపంగా మాట్లాడాడు. సినిమా తీసినవాళ్లకి పేరొచ్చింది, కాలనీ పిల్లలకి మచ్చ మిగిలింది అన్నది ఆయన వాదన. అడ్రసు చెబితే చాలు అనుమానంగా చూసే చోట, ఆ అడ్రసుని ప్రపంచమంతటా మోగించారని బాధ. ఉద్యోగానికి వెళ్లిన పిల్లవాడికి ఆ పేరు ఎంత బరువో మనం ఊహించవచ్చు.

ఇంకో విమర్శ సినిమా పండితుల వైపు నుంచి వచ్చింది. గ్లోబెర్ రోషా అనే గొప్ప దర్శకుడు 1965లో, ఆకలిని దాని కరకుదనంతోనే తెరకెక్కించాలని, చూసేవాడికి అది సుఖంగా ఉండకూడదని రాశాడు. ఇవానా బెంటెస్ అనే విమర్శకురాలు ఆ మాటని తిప్పి, ఇప్పటి సినిమాలు ఆకలికి మేకప్ వేస్తున్నాయని తీవ్రంగా విరుచుకుపడింది. పైన డిగ్రీ తమ్ముడికి చెప్పిన వేగం గురించే ఆమె గొడవ.

ఈ ఇద్దరిలో ఎమ్‌వీ బిల్ మాటకి నేను ఎక్కువ బరువు ఇస్తాను. బెంటెస్‌కి జవాబు సినిమాలోనే ఉంది, ఆ పిల్లల మొహాల్లో. ఎమ్‌వీ బిల్‌కి జవాబు సినిమాలో లేదు. లిన్స్, లుంద్ లాంటివాళ్లు ఎంత శ్రద్ధ పెట్టినా, ఆ కాలనీలో పొద్దున్నే పనికి పోయి సాయంత్రం ఇంటికొచ్చే వేలమంది తెర మీద లేరు. 2009లో ప్రభుత్వం అక్కడ ప్రత్యేక పోలీసు దళాన్ని పెట్టింది. 2011లో అమెరికా అధ్యక్షుడు ఒబామా వచ్చి వెళ్లాడు. 2016లో రియో ఒలింపిక్స్‌లో బ్రెజిల్‌కి మొట్టమొదటి స్వర్ణం తెచ్చిన జూడో క్రీడాకారిణి రఫాయెలా సిల్వా ఆ కాలనీ అమ్మాయే. ఆ పేరు వినగానే ఆమె గుర్తొచ్చేవాళ్లు ఎంతమంది, లిల్ జే గుర్తొచ్చేవాళ్లు ఎంతమంది?

ప్రశ్న: ఇంత పెద్ద సినిమాలో ఆడవాళ్లు ఎక్కడున్నారండీ? – రిటైర్డ్ టీచర్

జవాబు: టీచరు గారూ, మంచి చోట పట్టుకున్నారు. రాకెట్ ఇష్టపడే ఆంజెలికా ఉంది, అలిసీ బ్రాగా వేసింది. కాసేపు రాకెట్‌కి, తర్వాత బెనేకి ప్రేయసి, అంతటితో ఆమె పని అయిపోయింది. టెండర్ ట్రియోలో ఒకడైన షాగీని పారిపోదాం పద అని బతిమాలే అమ్మాయి ఉంది. యుద్ధానికి కారణమైన ఆ నెడ్ ప్రేయసి, ఆమెకి జరిగిన ఘోరం తర్వాత ఏమైందో సినిమా చెప్పదు. కెమెరా నెడ్ వెంట వెళ్లిపోతుంది. ఇన్ని శవాలు ఇళ్లకి చేరుతుంటే తల్లులు కనిపించరేమిటి అని మీరు రాసిన వాక్యం నన్ను చాలాసేపు ఆపేసింది.

తెర వెనకా ఇదే జరిగింది. 2004 ఆస్కార్‌లో దర్శకత్వానికి నామినేషన్ మెయిరెల్లెస్ ఒక్కడికే వచ్చింది, కాటియా లుంద్ పేరు లేదు. పిల్లలతో రోజూ పని చేసి, వాళ్ల నుంచి అంత నటన రాబట్టడంలో ఆమె చెయ్యి ఎంతుందో అందరికీ తెలుసు. ఆ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ప్రశ్న: ఆస్కార్ ఎందుకు రాలేదు? – ఒక పాఠకుడు

జవాబు: విదేశీ చిత్రాల విభాగానికి బ్రెజిల్ పంపితే ఆ ఏడు నామినేషన్ కూడా దక్కలేదు. అమెరికాలో విడుదలయ్యాక, 2004లో దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, ఛాయాగ్రహణం, ఎడిటింగ్ అని నాలుగు నామినేషన్లు వచ్చాయి. ఒక్కటీ గెలవలేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్. చూస్తానంటున్నాడు. చూపించవచ్చా? – ఒక తండ్రి

జవాబు: పద్దెనిమిది నిండేదాకా ఆగమనండి. నిండాక కూడా మొదటిసారి ఒంటరిగా ఫోన్‌లో చూడనివ్వకండి. మీరు పక్కన కూర్చోండి. అయిపోయాక ఏమీ ఉపదేశాలు చెప్పకండి, అతను ఏమంటాడో వినండి.

ప్రశ్న: ఆ పిల్ల నటులు ఇప్పుడు ఏం చేస్తున్నారు? సినిమా వాళ్ల జీవితాల్ని మార్చిందా? – బ్యాంకు ఉద్యోగిని

జవాబు: కొందరివి మార్చింది. లిల్ డైస్‌గా వేసిన డగ్లస్ సిల్వా తర్వాత ‘సిటీ ఆఫ్ మెన్’ అనే టీవీ సీరియల్లో హీరో అయ్యాడు. ఆ నటనకి 2005లో ఇంటర్నేషనల్ ఎమ్మీ నామినేషన్ వచ్చింది. అలిసీ బ్రాగా హాలీవుడ్ దాకా వెళ్లింది. సెవు జార్జి పాటలకి ప్రపంచమంతా శ్రోతలున్నారు. రాకెట్‌గా వేసిన అలెగ్జాండ్రి రోడ్రిగ్స్ ఉబర్ నడుపుతున్న ఫొటో 2018లో బ్రెజిల్ అంతటా తిరిగింది. కొందరు జాలిపడ్డారు, కొందరు వెక్కిరించారు. కష్టపడి సంపాదించుకుంటున్న మనిషిని చూసి వెక్కిరించడానికి ఏముందో నాకు అర్థం కాదు. నటన దొరకని రోజుల్లో బండి నడిపాడు, అంతే. 2024లో అదే కథకి కొనసాగింపుగా వచ్చిన సిరీస్‌లో మళ్లీ రాకెట్‌గానే కనిపించాడు. వీళ్లందరి కథలతో 2013లో ‘సిటీ ఆఫ్ గాడ్: పదేళ్ల తర్వాత’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. మీ ప్రశ్నకి అసలు జవాబు అదే, దొరికితే చూడండి.

ఇంకో కథ కూడా మీకు తెలియాలి. ఈ సినిమాకి రెండు దశాబ్దాల ముందు హెక్టర్ బాబెంకో ‘పిషోచీ’ అనే సినిమా తీశాడు. అందులో వీధి పిల్లవాడిగా వేసిన ఫెర్నాండో రామోస్ డ సిల్వా నిజంగానే పేద బస్తీ పిల్లాడు. సినిమాతో ప్రపంచమంతా పేరొచ్చింది. ఆ పేరు నిలబెట్టే పని దొరకలేదు. 1987లో పోలీసులు కాల్చి చంపారు. అప్పటికి వాడికి పందొమ్మిదేళ్లు. బ్రెజిల్‌లో బస్తీ పిల్లలతో ఎవరు సినిమా తీసినా ఈ సంగతి గుర్తు రాకుండా ఉండదు. ‘సిటీ ఆఫ్ గాడ్’ వర్క్‌షాప్‌ని షూటింగ్ అయ్యాక మూసెయ్యకుండా, పిల్లలకి సినిమా పని నేర్పే సంస్థగా కొనసాగించారు. అందులో కాటియా లుంద్ పాత్ర పెద్దది. అందర్నీ అది కాపాడలేదు. చిన్న పాత్ర వేసిన ఒక కుర్రాడు మరుసటి ఏడే దొంగతనం కేసులో అరెస్టయ్యాడు.

ప్రశ్న: డబ్బింగ్‌లో చూడాలా, సబ్‌టైటిల్స్‌తోనా? – ఒక పాఠకురాలు

జవాబు: పోర్చుగీసులోనే చూడండి. ఆ పిల్లలు తమ మాటల్లో తాము చెప్పుకున్న డైలాగులవి, ఆ గొంతులు పోతే సగం సినిమా పోతుంది. మొదటి పది నిమిషాలు చదవడం కష్టమనిపిస్తుంది, ఆ కోడి తప్పించుకునే సీన్ దాటితే అలవాటైపోతుంది. ఒకవేళ మొదటి ఉత్తరం రాసిన అమ్మగారి లాగా మధ్యలో ఆపాల్సి వస్తే ఆపేయండి. మిగతాది ఇంకో రోజు, పగటిపూట చూడండి.